పెరట్లో మాగ్నోలియా, చుట్టూ ముగ్గురు పిల్లలు

కుండీలో మందారం పూసిందంటే మీ చేయి ముందు ఫోను మీదికే వెళుతుంది కదా! తీరా దగ్గరగా పెట్టి తీస్తే సగం రేకులు మసక. ఇదే చిక్కుతో కుస్తీ పట్టిన ఒక తల్లి గురించి ఈ నెల చెప్పుకుందాం.

ఇమోజెన్ కన్నింగ్‌హామ్ 1883లో అమెరికాలోని పోర్ట్‌లాండ్‌లో పుట్టారు. డబ్బున్న కుటుంబం కాదు. అయినా కూతురి ఆసక్తి చూసి తండ్రి కట్టెల కొట్టంలోనే డార్క్‌రూమ్ కట్టి ఇచ్చారు. సియాటిల్‌లో కెమిస్ట్రీ చదువుతూ, ఖర్చుల కోసం ఆమె బోటనీ విభాగానికి మొక్కల స్లైడ్లు తయారు చేసి పెట్టేవారు. 1909లో స్కాలర్‌షిప్‌తో జర్మనీలోని డ్రెస్డెన్ వెళ్లి చదివి వచ్చి, 1910లో సియాటిల్‌లో సొంత స్టూడియో తెరిచారు.

1915లో పెళ్లి, అదే ఏడాది చివర కొడుకు. 1917లో మగ కవలలు. స్టూడియో మూతపడింది, కాపురం కాలిఫోర్నియాకు మారింది. భర్త చిత్రకారుడు. ఇంటిపని, పిల్లల పని ఆమెదే. ఇక కెమెరా అటకెక్కినట్టేనని ఎవరైనా అనుకుంటారు. (మీ ఇంట్లోనూ అలా అటకెక్కినది ఏదో ఒకటి ఉండే ఉంటుంది.) ఆమె మాత్రం పిల్లలను కంటి చూపు దాటనివ్వకుండానే పెరట్లోని మొక్కల ముందు కెమెరా నిలబెట్టారు.

అందులో మాగ్నోలియా ఒకటి. మన సంపంగికి దగ్గరి చుట్టం. 1923 నుంచి 1925 దాకా ఆ పువ్వునే మళ్లీ మళ్లీ తీశారు. ఒక ఫొటోలో విచ్చుకున్న పువ్వు ఫ్రేమంతా నిండి ఉంటుంది. మరొకదానిలో ఇంకా లోపలికి వెళ్లి మధ్యనున్న కేసరాల గోపురాన్ని మాత్రమే చూపించారు.

ఇందులో కష్టమేమిటంటారా? పువ్వుకు ఎంత దగ్గరైతే ఫోకస్ కుదిరే లోతు అంత తగ్గిపోతుంది. కేసరాలు స్పష్టంగా వస్తే ముందు రేకు చెదురుతుంది. లెన్స్ రంధ్రాన్ని బాగా చిన్నది చేస్తే ఆ లోతు పెరుగుతుంది గానీ లోపలికి వచ్చే వెలుతురు తగ్గుతుంది. ఎక్కువసేపు తెరిచి ఉంచాలి. ఆలోగా చిన్న గాలి వీచినా ఫొటో పోయినట్టే. మన ఫోన్లలో చాలావాటికి ఆ రంధ్రం మార్చే వీలు లేదు. అందుకని కాస్త వెనక్కి జరిగి, జూమ్ చేసి, ఫోనును దేనికైనా ఆనించి తీసి చూడండి. గాలి లేని ఉదయమైతే మరీ మంచిది.

1929లో జర్మనీలోని స్టట్‌గార్ట్‌లో జరిగిన పెద్ద ప్రదర్శనకు ఆమె ఫొటోలు వెళ్లాయి. 1932లో మిత్రులతో కలిసి పెట్టిన బృందానికి ఆ చిన్న రంధ్రం కొలతే పేరైంది: ఎఫ్ 64. 1934లో దంపతులు విడిపోయారు. కెమెరానే ఆమెకు జీవనాధారం.

92వ ఏట ఆమె వృద్ధుల ఫొటోలతో కొత్త పుస్తకం మొదలుపెట్టారు. 1976లో, 93 ఏళ్ల వయసులో కన్నుమూశారు. పుస్తకం మరుసటి ఏడాది వచ్చింది.