జి.డి. నాయుడు

జి.డి. నాయుడుగా ప్రసిద్ధి చెందిన గోపాలస్వామి దొరస్వామి నాయుడు (1893 మార్చి 23 - 1974 జనవరి 4) భారతీయ పారిశ్రామికవేత్త, యంత్ర నిపుణుడు, పరికరాల రూపకర్త. తమిళనాడులోని కోయంబత్తూరు ప్రాంతంలో స్థిరపడిన తెలుగు కుటుంబానికి చెందినవాడు. పాఠశాల చదువు పూర్తిచేయకుండానే మోటారు మెకానిక్కుగా జీవితం ప్రారంభించి, బస్సు రవాణా సంస్థను, విద్యుత్ మోటార్ల కర్మాగారాన్ని, సాంకేతిక విద్యాలయాన్ని నెలకొల్పాడు. ఇతనిని భారతదేశపు ఎడిసన్ అని పిలుస్తారు. యంత్రాన్ని విప్పి చూడడమే యంత్ర విద్యకు మొదటి మెట్టు అన్న నమ్మకం ఇతని జీవితమంతటా కనిపిస్తుంది. ఆ నమ్మకం ఇతనికి కీర్తిని తెచ్చింది, ప్రభుత్వాలతో విభేదాలను కూడా తెచ్చింది.

బాల్యం

నాయుడు కోయంబత్తూరు సమీపంలోని కలంగల్ గ్రామంలో ఒక వ్యవసాయ కుటుంబంలో జన్మించాడు. తండ్రి పేరు గోపాలస్వామి నాయుడు. విజయనగర రాజుల కాలంలోనూ, ఆ తరువాతా తెలుగు ప్రాంతాలనుండి దక్షిణానికి తరలివెళ్ళిన కుటుంబాలు కోయంబత్తూరు చుట్టుపక్కల అనేక గ్రామాలలో ఉన్నాయి. వీరు ఇంట తెలుగు, బయట తమిళం మాట్లాడుతూ వచ్చారు. వ్యవసాయం, ప్రత్తి వ్యాపారం, తరువాతి కాలంలో నూలు మిల్లులు, యంత్ర పరిశ్రమలు వీరి ప్రధాన వృత్తులయ్యాయి.

బాలుడైన నాయుడుకు బడి చదువు రుచించలేదు. ప్రాథమిక స్థాయిలోనే చదువు ఆగిపోయింది. పొలం పనులలో కుటుంబానికి తోడ్పడుతూ, తనకు నచ్చిన పుస్తకాలను సొంతంగా చదువుకున్నాడు.

మోటారు సైకిలు

నాయుడు జీవితాన్ని మలుపు తిప్పినది ఒక మోటారు సైకిలు. ఒక ఆంగ్లేయ అధికారి మోటారు సైకిలుపై తమ ఊరికి రావడం చూసి అతడు ఆశ్చర్యపోయాడు. ఎద్దులు గాని, గుర్రం గాని లేకుండా బండి ఎలా నడుస్తున్నదో తెలుసుకోవాలన్న కోరిక కలిగింది. కోయంబత్తూరు చేరి ఒక హోటలులో సర్వరుగా పనిచేస్తూ డబ్బు కూడబెట్టి, 1912 నమూనాకు చెందిన రడ్జ్ మోటారు సైకిలు కొన్నాడు. దానిని భాగాలుగా విప్పి, తిరిగి బిగించి, ప్రతి భాగం చేసే పనిని తెలుసుకున్నాడు. అచిరకాలంలోనే మెకానిక్కుగా పేరు తెచ్చుకున్నాడు.

ఆనాటి మోటారు సైకిళ్ళ ఇంజన్లకు తమంతట తాము నూనె పంచుకునే ఏర్పాటు సరిగా ఉండేది కాదు. నడిపేవాడే చేతి పంపుతో అప్పుడప్పుడు ఇంజనులోకి నూనె కొట్టవలసి వచ్చేది. నూనె తక్కువైతే పిస్టన్ వేడెక్కి సిలిండరులో పట్టుకుపోతుంది. ఎక్కువైతే అది మంట గదిలోకి చేరి, స్పార్క్ ప్లగ్గు కొనలకు మసితో కలసి అంటుకొని, నిప్పురవ్వ రాకుండా చేస్తుంది. అందువలన ఆ కాలంలో బండి నడపడం నేర్చిన ప్రతివాడూ ప్లగ్గు విప్పి తుడవడం కూడా నేర్వవలసి వచ్చేది. నడిపేవాడికి, మరమ్మతు చేసేవాడికి మధ్య నేడున్నంత దూరం అప్పుడు లేదు.

యూనివర్సల్ మోటార్ సర్వీస్

నాయుడు కొంతకాలం ప్రత్తి వ్యాపారం చేసి, లాభంతో పాటు నష్టాన్ని కూడా చవిచూశాడు. కోయంబత్తూరులోని ఆంగ్లేయ పారిశ్రామికవేత్త రాబర్ట్ స్టేన్స్ ప్రోత్సాహంతో 1920లో ఒక బస్సును సంపాదించి, పొళ్ళాచ్చి, పళని పట్టణాల మధ్య నడిపాడు. మొదట్లో బస్సును తానే నడిపేవాడు. ఈ ఒక్క బస్సుతో మొదలైన వ్యాపారం యూనివర్సల్ మోటార్ సర్వీస్ అనే పెద్ద సంస్థగా ఎదిగింది. యు.ఎం.ఎస్. అన్న పొడి పేరుతో ఇది కోయంబత్తూరు ప్రాంతమంతటా సుపరిచితమైంది. సమయపాలనకు, బస్సుల నిర్వహణకు ఈ సంస్థ పేరుపొందింది.

ఇదే కాలంలో తెలుగునాట రోడ్డు రవాణా వేరొక దారిలో నడిచింది. హైదరాబాదు సంస్థానంలో నిజాం ప్రభుత్వ రైల్వేశాఖ 1932లో 27 బస్సులతో రోడ్డు రవాణా విభాగాన్ని ప్రారంభించింది. నేటి జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతాలు ఆ సంస్థానంలోని కరీంనగర్ జిల్లాలో ఉండేవి. అక్కడ ప్రభుత్వమే బస్సులు నడపగా, మద్రాసు రాష్ట్రంలోని కోయంబత్తూరులో ఒక గ్రామీణ మెకానిక్కు ఆ పని చేశాడు.

విద్యుత్ మోటారు, ఇతర పరికరాలు

1937లో పీలమేడులోని నాయుడుకు చెందిన నేషనల్ ఎలక్ట్రిక్ వర్క్స్ కర్మాగారంలో విద్యుత్ మోటారు తయారైంది. భారతదేశంలో తయారైన తొలి విద్యుత్ మోటారుగా దీనిని పేర్కొంటారు. దీని రూపకల్పనలో డి. బాలసుందరం నాయుడు ప్రధాన పాత్ర వహించాడు. ఆయన తరువాత టెక్స్‌టూల్ సంస్థను స్థాపించాడు. క్రమంగా కోయంబత్తూరు మోటార్లకు, నీటి పంపులకు దేశంలోనే ప్రధాన కేంద్రమైంది. బావులపై ఆధారపడిన తెలంగాణ రైతులకు కోయంబత్తూరు మోటార్లు కొత్తవి కావు. సిరిసిల్లలో వేలాది కుటుంబాలకు జీవనాధారమైన మరమగ్గాలు కూడా విద్యుత్ మోటార్లతోనే నడుస్తాయి.

నాయుడు రూపొందించిన పరికరాలలో ముఖ్యమైనవి:

* బ్యాటరీతో నడిచే చిన్న మోటారు అమర్చిన రసంత్ అనే క్షౌర యంత్రం
* అతి పలుచని క్షౌర బ్లేళ్ళు
* సినిమా కెమెరాలకు దూరాన్ని సరిచేసే సాధనం
* పండ్ల రసం తీసే యంత్రం
* మోసానికి వీలులేని ఓటు నమోదు యంత్రం
* కిరోసిన్‌తో నడిచే పంకా

సామాన్యుడికి అందే ధర ఇతని దృష్టిలో ముఖ్యమైన అంశం. ఐదు వాల్వుల రేడియోను 70 రూపాయలకే తయారుచేసి ఇవ్వగలనని 1941లో ప్రకటించాడు. ఛాయాచిత్రాలు, చలనచిత్రాలు తీయడంలో కూడా ఇతనికి ఆసక్తి ఉండేది. 1936లో లండనులో జరిగిన ఐదవ జార్జి చక్రవర్తి అంత్యక్రియలను తన కెమెరాతో చిత్రీకరించాడు. మహాత్మా గాంధీ, జవహర్ లాల్ నెహ్రూ, సుభాష్ చంద్ర బోస్ మొదలైన నాయకులను కూడా చిత్రించాడు.

సాంకేతిక విద్య

1945లో నాయుడు చొరవతో కోయంబత్తూరులో ఆర్థర్ హోప్ పాలిటెక్నిక్, ఆర్థర్ హోప్ ఇంజనీరింగు కళాశాల ఏర్పడ్డాయి. అప్పటి మద్రాసు గవర్నరు సర్ ఆర్థర్ హోప్ పేరు వీటికి పెట్టారు. బడి చదువు పూర్తిచేయని నాయుడే కళాశాలకు ప్రిన్సిపాలుగా వ్యవహరించాడు.

పాఠ్యక్రమం విషయంలో ఇతనికి, ప్రభుత్వానికి మధ్య అభిప్రాయభేదం వచ్చింది. ఇంజనీరింగు విద్యకు నాలుగు సంవత్సరాలు అనవసరమనీ, విద్యార్థి యంత్రాల మధ్య పనిచేస్తూ నేర్చుకుంటే రెండు సంవత్సరాలు చాలుననీ నాయుడు వాదించాడు. ప్రభుత్వం అంగీకరించలేదు. నిరసనగా నాయుడు ప్రిన్సిపాలు పదవికి రాజీనామా చేశాడు. ఆ కళాశాల తరువాత వేరొక ప్రాంగణానికి మారి, ప్రభుత్వ సాంకేతిక కళాశాలగా కొనసాగుతున్నది. కోయంబత్తూరు అవినాశి రోడ్డులో హోప్ కాలేజి అన్న స్థలనామం మాత్రం మిగిలింది.

ఈ వాదంలో రెండు పక్షాలకూ బలం ఉన్నది. వంతెన కట్టేవాడికి, కొత్త ఇంజను రూపొందించేవాడికి గణితం, భౌతికశాస్త్రం లోతుగా తెలియాలి. దానికి కాలం పడుతుంది. కాని యంత్రంలో తప్పు ఎక్కడున్నదో కనిపెట్టే నేర్పు పుస్తకంతో మాత్రమే రాదు. కారు ఇంజనులో తరచుగా వచ్చే ఒక చిన్న లోపాన్ని పరిశీలిస్తే నాయుడు వాదంలోని సారం బోధపడుతుంది.

ప్లగ్గు చుట్టూ నూనె: ఒక ఉదాహరణ

నేటి పెట్రోలు కార్లలో చాలావాటికి స్పార్క్ ప్లగ్గు ఇంజను తలభాగంలో లోతైన గొట్టం అడుగున ఉంటుంది. కాయిల్ తీసి ప్లగ్గు విప్పినప్పుడు నూనె కనిపిస్తే, అది ఎక్కడ ఉన్నదో మొదట చూడాలి. ప్లగ్గు పైభాగాన, గొట్టంలో నూనె నిలిచి ఉంటే అది బయటి కారుడు. ప్లగ్గు అడుగు కొనలు నూనెతో తడిసి ఉంటే అది లోపలి అరుగుదల. రెండింటికీ వైద్యం వేరు.

బయటి కారుడుకు సాధారణ కారణం వాల్వు కవరు గాస్కెట్టు, ప్లగ్గు గొట్టాల చుట్టూ ఉండే రబ్బరు సీళ్ళు వేడికి గట్టిపడి పగలడం. మరమ్మతులో మొదటి జాగ్రత్త, ప్లగ్గు విప్పకముందే గొట్టంలోని నూనెను పూర్తిగా తీసివేయడం. లేకపోతే నూనె, మురికి సిలిండరులో పడతాయి. తరువాత కవరు విప్పి, గాస్కెట్టునూ సీళ్ళనూ కలిపి మార్చి, అంచులను శుభ్రపరచి, బోల్టులను తయారీదారు చెప్పిన వరుసలో, చెప్పినంత బిగువుతో బిగించాలి. అతిగా బిగిస్తే కొత్త గాస్కెట్టు కూడా నలిగి కారుతుంది. కొన్ని ఇంజన్లలో సీళ్ళు కవరులోనే కలిసి ఉంటాయి. అప్పుడు కవరునే మార్చాలి. ఇంజనులోని వాయువులు బయటికి పోయే మార్గం మూసుకుపోతే లోపలి ఒత్తిడి పెరిగి కొత్త సీళ్ళ గుండా కూడా నూనె వస్తుంది. కాబట్టి ఆ మార్గాన్ని కూడా పరీక్షించాలి. నూనెతో నానిన కాయిల్ రబ్బరు తొడుగును మార్చకపోతే ఇంజను మిస్సింగ్ తగ్గకపోవచ్చు.

లోపలి అరుగుదల అయితే పొగగొట్టం నుండి నీలిరంగు పొగ వస్తుంది. సిలిండరు ఒత్తిడిని కొలిచి, తక్కువగా ఉంటే కొద్దిగా నూనె పోసి మరల కొలవాలి. ఒత్తిడి పెరిగితే పిస్టన్ రింగులు అరిగినట్లు. పెరగకపోతే వాల్వులను అనుమానించాలి. ఒత్తిడి సరిగానే ఉండి పొగ మాత్రం వస్తుంటే వాల్వు గైడు సీళ్ళను చూడాలి. ఈ భేదం తెలియక గాస్కెట్టు మార్చవలసిన చోట ఇంజను మొత్తం విప్పితే యజమానికి వేల రూపాయల నష్టం.

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల వంటి పట్టణాలలో ఈ విద్యను నేటికీ అనేకులు రోడ్డు పక్క షెడ్లలో, మేస్త్రి వద్ద సహాయకులుగా చేరి నేర్చుకుంటున్నారు. మరోవైపు జగిత్యాల సమీపాన కొండగట్టు వద్ద 2007లో జవహర్ లాల్ నెహ్రూ సాంకేతిక విశ్వవిద్యాలయపు ఇంజనీరింగు కళాశాల ఏర్పడింది. షెడ్డులోని చేతి నేర్పునూ కళాశాలలోని శాస్త్ర జ్ఞానాన్నీ ఒకే విద్యార్థికి అందించడం ఎలా అన్నది నాయుడు 1945లో లేవనెత్తిన ప్రశ్న. అది ఇంకా తీరలేదు.

రెండు సీట్ల కారు

1952లో నాయుడు ఇద్దరు కూర్చోగల పెట్రోలు కారును రూపొందించాడు. దాని ధర సుమారు 2,000 రూపాయలు. అయితే పరిశ్రమల అభివృద్ధి, నియంత్రణ చట్టం అదే సంవత్సరం అమలులోకి వచ్చి, కొత్త ఉత్పత్తికి ప్రభుత్వ అనుమతి తప్పనిసరి అయింది. నాయుడు కారుకు అనుమతి లభించలేదు. తయారీ ఆగిపోయింది. సామాన్య కుటుంబాల కోసం తలపెట్టిన మారుతి 800 కారు 1983 డిసెంబరులో గాని మార్కెట్టులోకి రాలేదు. నాయుడు కారు నిజంగా ఆ ధరకు వేల సంఖ్యలో తయారయ్యేదా అన్నది పరీక్షకు నిలవకుండానే పోయింది.

పన్నుల విషయంలో కూడా నాయుడుకు ప్రభుత్వంతో పడలేదు. అధిక పన్నులు కొత్త పరికరాలు తయారుచేసేవారిని నిరుత్సాహపరుస్తున్నాయని నిరసిస్తూ, స్వాతంత్ర్యానంతరం ఒక బహిరంగ సభలో తన పరికరాలను పగులగొట్టించాడు. ఈ చర్య వివాదాస్పదమైంది.

వ్యవసాయ ప్రయోగాలు

నాయుడు తన తోటలో ప్రత్తి, జొన్న, బొప్పాయి మొదలైన పంటలపై ప్రయోగాలు చేశాడు. పది అడుగుల ఎత్తు పెరిగిన ప్రత్తి మొక్కలు సందర్శకులను ఆకర్షించాయి. ప్రసిద్ధ శాస్త్రవేత్త సి.వి. రామన్ ఇతని ప్రతిభను ప్రశంసించాడు.

మరణం, స్మృతి

నాయుడు 1974 జనవరి 4న మరణించాడు. అవినాశి రోడ్డులో 1967లో ప్రారంభమైన జి.డి. నాయుడు పారిశ్రామిక ప్రదర్శనశాలలో ఇతని పరికరాలను చూడవచ్చు. ఇతని వారసుల ఆధ్వర్యంలో పాత కార్ల మ్యూజియం కూడా అక్కడ ఏర్పడింది. ఇతని జీవితంపై ఫిలిమ్స్ డివిజన్ నిర్మించిన డాక్యుమెంటరీకి 66వ జాతీయ చలనచిత్ర పురస్కారాలలో బహుమతి లభించింది. 2025 అక్టోబరులో కోయంబత్తూరు అవినాశి రోడ్డుపై ప్రారంభమైన 10 కిలోమీటర్ల పైవంతెనకు తమిళనాడు ప్రభుత్వం ఇతని పేరు పెట్టింది.