సయా సాన్

బర్మా రైతు తిరుగుబాటు అనగానే మంత్రించిన తాయెత్తులను, పచ్చబొట్లను, తుపాకిగుండ్లకు వెరవని మూఢజనమును చెప్పి కథ ముగించుట చిరకాలముగా ఆచారమైయున్నది. ఆ నాయకుడగు సయా సానును గూర్చి లోకమునకు తెలిసినదానిలో అధికభాగము ఆతని నురిదీసిన ప్రభుత్వము వ్రాయించినదే. కావున ఆతని జీవితమును తాయెత్తులతోగాక పన్నులతో నారంభించుటయే న్యాయమని మేము తలంచుచున్నాము.

ఆతడు 1876లో ఉత్తర బర్మాయందలి ష్వేబో జిల్లాలో ఒక పల్లెయందు జన్మించెను. కడపటి బర్మా రాజవంశమునకు ష్వేబోయే పుట్టినిల్లు. ఆతని తొమ్మిదవయేట, అనగా 1885లో, ఆంగ్లేయులు మాండలే నాక్రమించి థీబా రాజును మన రత్నగిరికి చేర్చిరి. రాజు 1916లో అచ్చటనే కన్నుమూసెను. బాలుడు పెరిగి దిగువ బర్మాకు వలసపోయి నాటువైద్యము, జ్యోతిషము వృత్తిగా జీవించెను. సయా అనగా గురువు, వైద్యుడు. పల్లెలో వైద్యుడెరుగని గడప యుండదు. ఏ యింట ఏమి యున్నదో, ఏమి లేదో ఆతనికి తెలిసినట్లు తహసీలుదారునకు తెలియదు.

ఆ దినములలో బర్మా జాతీయోద్యమమును నడపిన సంఘముల మహాసభలో ఆతడు చేరెను. పన్ను వసూలునందలి దౌర్జన్యములను విచారించు పనిలో సభ ఆతనిని నియోగించెను. దిగువ బర్మాలో తలపన్ను పెండ్లియైన పురుషునకు ఏటా 5 రూపాయలు, కానివానికి రెండున్నర. భూమి యున్నను లేకున్నను, పంట పండినను ఎండినను కట్టవలసినదే. ఇంటికి కావలసిన వెదురు నడవిలో నరికినను నేరమే. పన్ను నెదిరించుటకును, కలపకును వెదురునకును రైతునకుగల హక్కును నిలుపుటకును గ్రామసంఘములు పూనవలెనని ఆతడు వాదించెను. ఆ వాదమును పెద్దలు తమ కార్యక్రమముగా గైకొనలేదు. ఆతడు సభను వీడెను.

1930లో ధాన్యపు ధర కూలిపోయెను. అప్పు మాత్రము తగ్గలేదు. దిగువ బర్మాలోని 13 ప్రధాన వరిజిల్లాలలో ఆ యేట నూటికి 6 వంతులుగానున్న చెట్టియార్ల భూమి 1938 నాటికి నూటికి 25 వంతులయ్యెను. భూవసతిగల మన పాఠకులకు ఈ రెండంకెల యర్థమును మేము విప్పిచెప్ప నక్కరలేదు.

ఇచ్చట మన తెలుగువారి ప్రసక్తియు గలదు. రంగూను రేవులో మూటలు మోసినవారు ముఖ్యముగా తెలుగు కూలీలు. కాకినాడ చెంతనున్న కోరంగి రేవు పేరిట వారిని అచ్చట కోరంగీలనిరి. 1930 మేలో వారు కూలి పెంపునకై సమ్మె కట్టగా యజమానులు బర్మీయులను పనిలో పెట్టుకొని, సమ్మె తీరినంతనే వారిని వెడలగొట్టిరి. కడుపుమంట యజమానులపైకి పోక సాటి కూలీలపైకి పోయెను; ఆ కలహములలో నూరుమందికి పైగా మడిసిరి. తరువాతి తిరుగుబాటులోను భారతీయులపై దాడులు జరిగినవి. దానిని మేము కప్పిపుచ్చము, సమర్థింపము. కాని దొర కంటికి దూరముగాను, అతని లాభములో పాలివారుగాను మన వ్యాపారులు ఆ పల్లెలలో నిలిచియుండిరనుటయు సత్యమే.

డిసెంబరు 21న తారావాడీ జిల్లా రైతులు పన్ను వాయిదాకై తాత్కాలిక గవర్నరు సర్ జోసెఫ్ మౌంగ్ జీని వేడుకొనిరి. ఆయనయు బర్మీయుడే. కాదనెను. మరునాటి రాత్రియే తిరుగుబాటు చెలరేగెను. వారి చిహ్నము గలోన్, అనగా మన గరుడుడు. ఆతని గోళ్లలో చిక్కిన నాగుపాము పరప్రభుత్వము. సయా సాన్ అంతకుముందే అక్టోబరు 28న రాజుగా పట్టాభిషిక్తుడయ్యెనని న్యాయస్థానమున చెప్పిరి. దానికి పోలీసులు ముఖ్యాధారముగా చూపిన దినచర్య పుస్తకమును తరువాతి చరిత్రకారులు కొందరు శంకించిరి. రాజు కాగోరిన వెఱ్ఱివాడని తేలినచో తలపన్నును గూర్చి యెవ్వరును సమాధానము చెప్పనక్కరలేదు గదా!

కత్తులతోను నాటుతుపాకులతోను ఆ రైతులు 1932 వరకు పోరాడిరి. వారి నణచుటకు భారతదేశమునుండి అదనపు సేనలు పోయినవి. 1931 ఆగస్టులో సయా సాన్ షాన్ రాష్ట్రములలో పట్టువడెను. ప్రత్యేక న్యాయస్థానమున ఆతని పక్షమున వాదించిన డాక్టరు బా మా 1937లో బర్మాకు తొలి ప్రధానమంత్రి యయ్యెను. వాదము ఫలింపలేదు. 1931 నవంబరు 28న సయా సానును తారావాడీ చెరసాలలో నురిదీసిరి. ఆ తిరుగుబాటునందు ఉరికంబ మెక్కినవారు నూటికి పైబడిరి.

1948లో బర్మా స్వతంత్రమయ్యెను. 1987లో ఆ ప్రభుత్వము వెలువరించిన 90 క్యాట్ల నోటుపై ఆ నాటువైద్యుని ముఖమే ముద్రింపబడెను.