తరగతి గదిలో మొదలైన తీర్పు

న్యాయ కళాశాలల్లో మానవ హక్కుల మూట్‌కోర్టు పోటీలు వచ్చినప్పుడల్లా నల్లకోటు, ఆంగ్ల ఉచ్చారణ, బహుమతుల గురించే మాట్లాడుకుంటారు. ఊరి చివరి వాడ నుంచి వచ్చిన విద్యార్థి అది తనది కాని ఆట అనుకొని గుమ్మం దగ్గరే ఆగిపోతాడు. ఆ విద్యార్థి తెలుసుకోవలసిన జీవితం చార్లెస్ హామిల్టన్ హ్యూస్టన్‌ది.

1895లో వాషింగ్టన్‌లో పుట్టిన హ్యూస్టన్ మొదటి ప్రపంచ యుద్ధంలో అమెరికా సైన్యాధికారిగా పనిచేశారు. సైనిక దుస్తులు ధరించినా నల్లజాతివారికి న్యాయం దక్కదని అక్కడే గ్రహించారు. తనవారి కోసం పోరాడేందుకు చట్టం చదవాలని నిశ్చయించుకున్నారు. హార్వర్డ్ న్యాయపత్రిక సంపాదకవర్గంలో చోటు పొందిన తొలి నల్లజాతి విద్యార్థి ఆయనే.

1929లో హోవర్డ్ విశ్వవిద్యాలయ న్యాయ కళాశాల పగ్గాలు చేపట్టారు. అప్పటికి అది సాయంత్రపు తరగతుల కళాశాల. దాన్ని గుర్తింపు పొందిన పూర్తికాలపు విద్యాలయంగా మలిచారు. ఆయన కాఠిన్యాన్ని చూసి విద్యార్థులు ‘ఇనుప బూట్లు’ అని పేరు పెట్టారు. ఆ శిక్షణలోనే రాటుదేలిన తుర్గూడ్ మార్షల్ 1933లో ప్రథముడిగా పట్టా పొందారు.

1938లో లాయిడ్ గెయిన్స్ కేసు సుప్రీంకోర్టుకు వచ్చింది. మిస్సోరీ విశ్వవిద్యాలయం నల్లజాతివాడన్న కారణంతో ఆయనకు న్యాయ విద్యలో ప్రవేశం నిరాకరించింది. వేరే రాష్ట్రంలో చదువుకుంటే ఫీజు కడతామంది ప్రభుత్వం. వెలివేతకు ఖరీదు కట్టడమంటే అదే. సుప్రీంకోర్టుకు వెళ్లే ముందు హ్యూస్టన్ తన వాదనను హోవర్డ్‌లో అధ్యాపకులు, విద్యార్థుల ఎదుట వినిపించారు. అసలు న్యాయస్థానంలో న్యాయమూర్తి మెక్‌రేనాల్డ్స్ కుర్చీ తిప్పుకొని ఆయనకు వీపు చూపారు. హ్యూస్టన్ వాదన ఆపలేదు. తీర్పు గెయిన్స్ పక్షానే వచ్చింది.

కీలకమైన కేసులకు ముందు అలా సాధన చేయడం హోవర్డ్‌లో సంప్రదాయమైంది. 1950లో హ్యూస్టన్ కన్నుమూశారు. నాలుగేళ్ల తర్వాత బడుల్లో వర్ణ విభజన చెల్లదని బ్రౌన్ కేసులో తీర్పు వచ్చింది. ఆ వాదనకు సారథి మార్షల్. అదీ హోవర్డ్‌లో సాధన చేసిన వాదనే.

ఈ పోరాటం మనకు పరాయిది కాదు. నల్లజాతివారు ఐక్యరాజ్యసమితికి సమర్పించిన విజ్ఞప్తి ప్రతిని కోరుతూ 1946లో అంబేడ్కర్ డుబాయిస్‌కు లేఖ రాశారు. అంటరానివారి పక్షాన అలాంటి విజ్ఞప్తి చేయాలన్నది ఆయన ఆలోచన.

ఆ ఆలోచనకు వారసులు నేటి దళిత, ఆదివాసీ, వెనుకబడిన కులాల న్యాయ విద్యార్థులు. సీటు ఇవ్వడంతో కళాశాల బాధ్యత తీరదు. గ్రంథాలయం తలుపు రాత్రి కూడా తెరిచి ఉండాలి. వాదనను నిర్దాక్షిణ్యంగా పరీక్షించి, తప్పు దిద్ది, మళ్లీ నిలబెట్టే గురువు ఉండాలి. ఉచ్చారణకు కాక తర్కానికి మార్కులు పడాలి. వీపు చూపే న్యాయమూర్తి ఎదుట సైతం గొంతు వణకకుండా ఉండాలంటే, ఆ గొంతు ముందుగా తరగతి గదిలో వినిపించాలి.