దివాను సాలార్‌జంగు ఏర్చికూర్చిన ఉద్యోగులు

సాలార్‌జంగు అనగానే మన మాడుగుల, చోడవరం ప్రాంతాల విద్యార్థులకు స్ఫురించేది హైదరాబాదులోని మ్యూజియం. ఆ కళాఖండాలలో అధికభాగం సేకరించినవారు మనుమడైన మూడవ సాలార్‌జంగు. మేమిక్కడ స్మరింపదలచినది తాతగారైన మీర్ తురాబ్ అలీఖాన్‌ను. యోగ్యులైన ఉద్యోగులను వెదకి తెచ్చుటలో ఆయనకు సాటివచ్చువారు ఆనాటి సంస్థానాలలో అరుదు.

1829లో జన్మించిన ఆయన, పితృవ్యుడు సిరాజుల్‌ముల్కు మరణించగా 1853లో నిజాము దివాను అయ్యారు. అప్పటికి వయస్సు 24 సంవత్సరాలు. బేరారు అప్పుడే ఆంగ్లేయుల వశమైంది. ఖజానా వట్టిపోయింది. అనేక తాలూకాలు సాహుకార్లకు, అరబ్బు జమేదార్లకు తాకట్టులో ఉన్నాయి. శిస్తు వసూలు గుత్తకిచ్చేవారు. గుత్తదారుకు సర్కారు జీతం లేదు. తాను చెల్లించిన సొమ్మును, దానిపై లాభాన్ని రైతు వద్దనే రాబట్టుకోవాలి. రేపు మరొకడు ఎక్కువ పాడితే గుత్త పోతుంది గనుక ఈ ఏటనే పిండుకోవాలి. అట్టివాని నుండి న్యాయాన్ని ఆశించడం మా దృష్టిలో అత్యాశ.

యువ దివాను ఈ మూలాన్ని పట్టుకున్నారు. తాకట్టు తాలూకాలను క్రమంగా విడిపించి, గుత్తదారుల స్థానంలో జీతగాండ్రైన తాలూక్‌దార్లను నియమించారు. జీతం నిశ్చయమైతేనే లంచాన్ని తప్పుపట్టే అధికారం యజమానికి దక్కుతుంది. 1865లో జిలాబందీ జరిపి, రాజ్యాన్ని జిల్లాలుగా విభజించి, అధికారులకు అంతస్తులు ఏర్పరచారు. 1868లో న్యాయ, రెవిన్యూ, పోలీసు మొదలైన శాఖలపై సదరుల్‌మహాములను నిలిపారు. ఇన్నిటి మధ్య 1859లోను, 1868లోను ఆయనపై హత్యాప్రయత్నాలు జరిగాయి. 1857 తిరుగుబాటులో ఆంగ్లేయుల పక్షం వహించినందుకు ఆయనను నిందించేవారు నేటికీ ఉన్నారు. ఆ వివాదం వేరు.

కొత్త శాఖలకు కొత్త విద్య కలవారు కావాలి. అందుకై ఆయన ఉత్తర హిందూస్థానం వైపు చూశారు. 1870 దశకంలో లక్నో నుండి సయ్యద్ హుసేన్ బిల్‌గ్రామీని పిలిపించారు. ఆంగ్ల ప్రభుత్వ కొలువులలో రాటుతేలిన మెహదీ అలీ, ముష్తాక్ హుసేన్, చిరాగ్ అలీ వచ్చారు. ఉర్దూ నవలాకారుడు నజీర్ అహమ్మదు కూడ ఆ కోవలోనివారే. మెహదీ అలీ ముహ్సినుల్‌ముల్కుగా, ముష్తాక్ హుసేన్ వికారుల్‌ముల్కుగా తరువాత అలీగఢ్ చరిత్రకెక్కారు. ఇట్టివారిని గుర్తించి, తగిన పని అప్పగించడం సామాన్య ప్రజ్ఞ కాదు.

మరి స్థానికుల మాటేమిటి? వంశపారంపర్యంగా లెక్కలు చూచిన దఫ్తర్‌దారులను ఆయన తొలగించలేదు. గౌరవం నిలిపి, పనిని మాత్రం కొత్త కచ్చేరీలకు మళ్ళించారు. వచ్చినవారిని దర్బారుకు, పాత ఉమ్రావు కుటుంబాలకు దూరంగా ఉంచారు. దీనివలన పాత కొత్తల నడుమ పోరు కొంతకాలం అణగిందే గాని, పరిచయం పెరగలేదు. దారుల్‌ఉలూము, ఇంజనీరింగు పాఠశాల, ఉమ్రావుల బిడ్డలకు మద్రసా ఆలియా ఆయన హయాములోనే వెలిశాయి. అయితే కచ్చేరీ భాష పారశీకం. పల్లెలో పట్వారీ లెక్కలు తెలుగు, మరాఠీ, కన్నడాలలో. తెలుగు పల్లె బిడ్డ ఆ కచ్చేరీ మెట్లెక్కే దారి ఇరుకుగానే మిగిలింది. బయటివారిని పిలువడం ఆనాటి అవసరమని మేమంగీకరిస్తాము. వారి చెంత స్థానికులను శిష్యులుగా నిలిపి పని నేర్పించి ఉండవలసిందని కూడ మా అభిప్రాయం.

1883 ఫిబ్రవరి 8న కలరా సోకి దివాను కన్నుమూశారు. ఆయన చాటున ఒదిగిన కొత్త ఉద్యోగులు ఆపై రాజకీయంగా బలపడ్డారు. ముల్కీ, గైర్‌ముల్కీ కక్షలు రగిలాయి. 1919లో నిజాము ఫర్మానా కొలువులకు ముల్కీ అర్హతను విధించింది. బయటివానికి 15 ఏండ్ల నివాసం కావాలన్నది అందులోని షరతు. 1766లోనే నిజాము ఏలుబడి నుండి తొలగిన ఉత్తర సర్కారులకు ఈ తగవు సోకదనిపించవచ్చు. కాని 1956లో ఆంధ్రప్రదేశ్ ఏర్పడి హైదరాబాదు రాజధాని అయింది. ఆ నిబంధనలు చెల్లునని 1972లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పగా జై ఆంధ్ర ఉద్యమం చెలరేగింది. 1973లో ఆరు సూత్రాల పథకంతో ముల్కీ నిబంధనలు పోయాయి. 1975లో రాష్ట్రపతి ఉత్తర్వు వెలువడి విశాఖపట్నం, శ్రీకాకుళం జిల్లాలు మొదటి జోను అయ్యాయి. అటుపై మాడుగుల యువకుడు సర్కారు కొలువు కోరినపుడు, తానే ఊరి బడిలో ఎన్నేండ్లు చదివినదీ ధ్రువపత్రంతో చూపవలసి వచ్చింది.