ధ్రువకాంతి అన్వేషి బిర్కెలాండ్

ధ్రువ ప్రాంతాల రాత్రులలో ఆకాశాన పచ్చని తెరల వలె కదలాడే కాంతికి కారణం వెదకుటకై జీవితాన్ని ధారపోసిన శాస్త్రజ్ఞుడు క్రిస్టియాన్ బిర్కెలాండ్. ఆయన 1867లో నార్వేలో జన్మించారు.

1899-1900 శీతకాలంలో ఉత్తర నార్వేలోని హాల్డె శిఖరంపై మంచు తుఫానుల నడుమ అయస్కాంత సూచి కదలికలను నమోదు చేశారు. ఆ యాత్రలో ఒక సహచరుడు మంచుచరియల క్రింద పడి మరణించారు. అయినను ఆయన వెనుదీయలేదు. ప్రయోగశాలలో, గాలి తీసివేసిన పేటికలో అయస్కాంత గోళాన్నుంచి, దానిపైకి ఎలక్ట్రానులను ప్రసరింపజేయగా గోళపు ధ్రువాల చుట్టూ కాంతి వలయాలు వెలిగాయి!

సూర్యుని నుండి వచ్చే విద్యుదావేశ కణాలు భూమి అయస్కాంత బలరేఖల వెంట దిగివస్తాయనీ, విద్యుత్ప్రవాహాలు కూడ ఆ రేఖల వెంటనే సాగుతాయనీ ఆయన ప్రతిపాదించారు. బ్రిటిష్ పండితులు అంగీకరించలేదు. నేలపైని కొలతలతో మాత్రమే తేలే వివాదం కాదది. గాలిలోని నత్రజనిని ఎరువుగా మార్చే పద్ధతిని ఐడెతో కలసి రూపొందించి, ఆ రాబడిని సైతం పరిశోధనకే వెచ్చించిన బిర్కెలాండ్, 1917లో టోక్యోలో నిద్రమందు మోతాదు మించి మరణించారు.

ఆయన చెప్పిన ప్రవాహాలను 1970లలో ట్రయాడ్ ఉపగ్రహం స్పష్టంగా చూపింది. 1976లో ప్రయోగించిన ఎస్3-3 ఉపగ్రహం మరొక వింతను కనుగొన్నది. భూమికి కొన్ని వేల కిలోమీటర్ల ఎత్తున గల విద్యుత్ క్షేత్రాలు ఎలక్ట్రానులను క్రిందికి నెట్టుతూ, ఆక్సిజన్ అయానులను పైకి తరుముతున్నవి. వాటిలో కొన్ని తిరిగి రాక అంతరిక్షంలో కలసిపోతాయి. దిగివచ్చే కణాలనే తలపోసిన బిర్కెలాండ్ ఊహకు ఈ ఎగిరిపోయే కణాలు అందలేదు.