అయ్యగారి సాంబశివరావుగారు

కామాఠీపురా వీధులకును ధారావి చాళ్ళకును తెలుగువారు ఏ పనులమీద వచ్చిరో మన పాఠకులకు వేరుగా చెప్పనక్కరలేదు. తాపీపని, రాతిపని, మట్టిపని, మగ్గము, మిల్లు: ఈ మాటలు మన యిండ్లలో తాతలనాటినుండి వినబడుచున్నవే. కామాఠీపురాకు ఆ పేరు వచ్చినది కట్టడపు పనులు చేసిన మన కామాఠీల వలననే. అయితే ఈ నగరమునకే వేరొక పనిమీద వచ్చిన తెలుగువారొకరు కలరు. వారు చేసిన పని మేడలవలె దారినపోవువారి కంటికి కనబడునది కాదు. కొలుచుటకు సాధనములు చేయుట వారి పని. వారి చరిత్రను మా విద్యార్థులకును, వారి తలిదండ్రులకును తెలియజేయ దలచితిమి.

అయ్యగారి సాంబశివరావుగారు 1914వ సంవత్సరము సెప్టెంబరు 20వ తేదీన మోగల్లు గ్రామమున జన్మించిరి. అది భీమవరమునకు సమీపమున, నేటి పశ్చిమ గోదావరి జిల్లాలో నున్నది. వారిది కలిమి గల కుటుంబము కాదు. చదువుకొనవలెనన్న పట్టుదల తప్ప వేరు ఆస్తి లేని పిల్లవాడు ఒక్కొక్క మెట్టే యెక్కుచు కాశీవరకు పోయెను. మన పెద్దలు కాశీకి పోవునది గంగాస్నానమునకును విశ్వేశ్వరుని దర్శనమునకును గదా. ఈయన పోయినది భౌతికశాస్త్రము కొరకు. బెనారసు హిందూ విశ్వవిద్యాలయమున ఎం.ఎస్సీ. పట్టము పొందిన పిమ్మట, 1946లో టాటా విద్యార్థివేతనము లభించినందున అమెరికాలోని స్టాన్‌ఫర్డు విశ్వవిద్యాలయమునకు పోయి, అచ్చట విద్యుత్ ఇంజనీరింగులో మరల ఎం.ఎస్. పట్టము సంపాదించిరి. చదువు ముగియగనే స్వదేశమునకు తిరిగి వచ్చిరి.

అప్పటికి మన దేశమున అణుశాస్త్ర పరిశోధన అంకురదశలో నుండెను. హోమీ భాభాగారు 1945లో టాటా పరిశోధన సంస్థను నెలకొల్పిరి. 1948లో అణుశక్తి సంఘము ఏర్పడెను. 1954లో ట్రాంబేయందు అణుశక్తి కేంద్రము పుట్టెను. ధారావి నుండి సయను, చెంబూరుల మీదుగా తూర్పునకు పోయినచో సముద్రపు పాయ ఒడ్డున కొండ చాటున నున్న ఆ స్థలము మనకు ఎంతో దూరమేమియు కాదు. భాభాగారు ఏరికోరి కూర్చుకొన్నవారిలో సాంబశివరావుగారు ఒకరు. ఎలక్ట్రానిక్సు విభాగము వారి చేతి క్రిందికి వచ్చెను.

ఇచ్చట కథను కొంచెము ఆపి, ఆ విభాగమునకు వచ్చిన చిక్కు ఎట్టిదో చెప్పవలెను. అది తెలియనిదే ఈయన గొప్పతనము తెలియదు.

రేడియో ధార్మిక కిరణములు కంటికి కనబడవు, చెవికి వినబడవు, చేతికి తగులవు. వాటిని విద్యుత్తుగా మార్చి, ఆ విద్యుత్తును కొలిచియే తెలిసికొనవలెను. అయొనైజేషను చేంబరు అను పాత్రలో కిరణములు పుట్టించు విద్యుత్ప్రవాహము ఒక్కొక్కప్పుడు ఆంపియరులో లక్షకోట్లవ వంతు మాత్రమే యుండును. దానిని పదివేలకోట్ల ఓముల నిరోధముగుండ పంపినప్పుడు పుట్టు వోల్టేజి ఒక వోల్టులో పదియవ వంతు. ఇంత సన్నని ప్రవాహమును కొలుచుచోట మన వానకాలపు గాలిలోని తేమయే పెద్ద శత్రువు. ఆ నిరోధపు గాజు పైభాగమున వ్రేలిముద్ర పడినను, ఆ జిడ్డు మీద తేమ చేరి, విద్యుత్తు దొంగదారిని పోవును. జూలై నెలలో గోడలు చెమ్మగిల్లు ఈ నగరమున నివసించు మనకు ఆ కష్టము వేరుగా వర్ణింపనేల?

మరొక చిక్కు. సింటిలేషను కౌంటరులో ఫోటో మల్టిప్లయరు అను గొట్టము ఉండును. దానికి రమారమి వేయి వోల్టులు ఇయ్యవలెను. ఆ వేయి వోల్టులు నూటికి ఒక వంతు, అనగా పది వోల్టులు, అటునిటు తొలగినచో గొట్టము నుండి వచ్చు సంకేతము నూటికి ఏడు మొదలు పది వంతుల వరకు మారిపోవును. అనగా పునాదిలో చేసిన ఒక పాలు పొరపాటు పైకి వచ్చుసరికి పదిపాళ్ళగును. కావున వోల్టేజి నిలుకడగా నుండవలెను. అది నిలుకడగా నున్నదో లేదో నమ్మకముగా చెప్పగల కొలత ఒకటి ఉండవలెను.

కొలతను నమ్ముట యెట్లు? బియ్యపు దుకాణములో తూకపురాయి మీద తూనికలు కొలతల శాఖవారి ముద్ర ఉండును. ఆ శాఖవారి రాయి అంతకంటె పెద్దదగు వేరొక రాతితో సరిచూడబడినది. వోల్టునకును ఇట్టి తూకపురాయి ఉన్నది. ఎడ్వర్డు వెస్టను అను శాస్త్రజ్ఞుడు 1893లో కాడ్మియము, పాదరసములతో ఒక గాజు ఘటమును చేసెను. 20 డిగ్రీల సెంటీగ్రేడు వేడిమియొద్ద అది 1.0183 వోల్టులను సంవత్సరముల తరబడి మారకుండ ఇచ్చును. 1911 నుండి ప్రపంచమంతయు దానినే ప్రమాణముగా గైకొనెను. అయితే ఆ ఘటము మిక్కిలి సుకుమారమైనది. దానినుండి విద్యుత్తును వాడుకొనరాదు, సరిపోల్చుకొనుటకు మాత్రమే పనికివచ్చును. వేడి తగిలినను, తలక్రిందు చేసినను చెడిపోవును. తరువాతి కాలమున జీనరు డయోడులు వచ్చి దాని పనిని చాలవరకు తీసికొన్నవి. ఇప్పుడు అన్నింటికంటె పెద్ద తూకపురాయి జోసెఫ్సను ఫలితము. అతిశీతలమున నుంచిన రెండు లోహపు పొరల నడుమ సూక్ష్మతరంగముల సంఖ్యను బట్టి వోల్టును నిర్ణయించు పద్ధతి యది. దీనిని ప్రపంచ దేశములన్నియు 1990లో ఒప్పుకొన్నవి. ఢిల్లీలోని జాతీయ భౌతిక ప్రయోగశాలయందు మన దేశపు వోల్టును ఈ పద్ధతినే నిలుపుచున్నారు.

ఇట్టి తెలిసిన వోల్టేజిని పుట్టించి యిచ్చి, తక్కిన మీటర్ల తప్పొప్పులను తేల్చు పెట్టెకు కాలిబ్రేటరు అని పేరు. సాంబశివరావుగారి విభాగము పని మొదలిడిన దినములలో ఇట్టి సున్నితమైన సాధనములు విదేశముల నుండి ఓడలలో రావలసినవే. వచ్చిన పరికరము చెడినచో దానిని విప్పి చూడగలవాడు ఇచ్చట లేకున్న, అది మరల ఓడ యెక్కవలసినదే. పరాయివాని పెట్టె మీద ఆధారపడి అణుశాస్త్రము నడపుట యెట్లన్నది నాటి ప్రశ్న. ఆ విభాగమువారు ఇచ్చటనే పరికరములను చేయుటకు పూనుకొనిరి. యురేనియము ఖనిజమును వెదకుటకు, పనివారికి తగులు కిరణములను లెక్కించుటకు, పరిశోధనశాలలలో వాడుకొనుటకు వలసిన సాధనములు ఒక్కొక్కటిగా తయారయ్యెను.

పరీక్షాసమయము 1956లో వచ్చెను. అప్సర అను రియాక్టరును ట్రాంబేలో కట్టుచుండిరి. ఇంధనము బ్రిటను నుండి వచ్చినది. నియంత్రణ వ్యవస్థను రూపొందించినది సాంబశివరావుగారి విభాగము. రియాక్టరులో శక్తి పెరుగునప్పుడు ఒకటి రెండగును, రెండు నాలుగగును, నాలుగు ఎనిమిదియగును. ఆ పెరుగుదలను క్షణక్షణము చూచుచు, మితిమీరిన తోడనే నిరోధక కడ్డీలు వాటంతటవియే దిగునట్లు చేయవలెను. మనిషి చూచి మీట నొక్కువరకు ఆగుటకు వీలులేదు. మీటరు తప్పు చెప్పినచో కడ్డీయు తప్పు వేళనే దిగును. 1956 ఆగస్టు 4వ తేదీన అప్సర పనిచేయ నారంభించెను. ఆసియా ఖండమున అదియే మొదటి పరిశోధన రియాక్టరని ప్రసిద్ధి. 2009 వరకు అది పనిచేసెను. పిమ్మట దానిని విప్పి, బాగుచేసి, శక్తిని పెంచి, 2018లో మరల నడిపించిరి.

పాత సాధనమును బాగుచేసి మెరుగుపరచుట అనగానే మా విద్యార్థులకు గ్రాంటురోడ్డు ప్రక్కనున్న లామింగ్టన్ రోడ్డు జ్ఞాపకము వచ్చును. కామాఠీపురాకు అది కూతవేటు దూరమున నున్నది. ధారావిలో భంగారు దుకాణములకు వచ్చు పాత యంత్రములను మన పిల్లలు దినదినము చూచుచున్నవారే. అందు ఎప్పుడైన పాత కాలిబ్రేటరు కనబడినచో దానిని ఇత్తడి తూకమునకు పగులగొట్టక ముందు ఒక్కసారి ఆలోచింపుడని మా మనవి. అట్టి పెట్టెను చూచిన వెంటనే కరెంటు పెట్టరాదు. లోపలి కెపాసిటర్లు ఏండ్ల తరబడి ఎండి యుండును. వాటిని ముందు మార్చవలెను. స్విచ్చుల మెరుగు పోయి తుప్పు పట్టి యుండును. వాటిని శుభ్రపరచవలెను. పాత రకములలో 85 వోల్టుల వద్ద వెలుగుచు నిలకడ నిచ్చు వాయువు గొట్టములు ఉండును. అవి అలసిపోయినచో వాటి స్థానమున వేడిమి మారకుండ కాపాడబడిన జీనరును అమర్చవచ్చును. వేరువేరు లోహములు కలియుచోట వేడి తగిలినను దానంతటదియే కొంచెము వోల్టేజి పుట్టును. కావున మాటు వేసిన తరువాత పెట్టె చల్లారువరకు కొలతకు దిగరాదు.

అయితే మాంగనీను తీగ చుట్టిన పాత నిరోధములను మాత్రము పారవేయరాదు. క్రొత్త తీగలో చుట్టినప్పటి బిగువు మిగిలియుండి దాని విలువ మెల్లగ జరుగుచుండును. ముప్పది నలువది యేండ్లు గడచిన తీగ ఆ బిగువు తీరి కుదురుకొనును. పాతదగుటయే దాని గుణము. వానిని ముట్టకుండ తక్కినవి మార్చువాడే నేర్పరి. కడకు బాగైన పెట్టెను ఒక నమ్మదగిన ప్రమాణముతో సరిపోల్చి, తేదీ వేసి చీటి అంటింపవలెను. ఆ చీటి లేని కాలిబ్రేటరు ముద్ర లేని తూకపురాయి వంటిదే.

మరల మన కథకు వత్తము. 1962లో చైనాతో యుద్ధము జరిగిన పిదప, రేడియో, రాడారు మొదలగు వాటికి ఇతర దేశముల ముఖము చూచుట ఎంత ప్రమాదమో ప్రభుత్వమునకు తెలిసివచ్చెను. 1963లో భాభాగారి అధ్యక్షతన ఎలక్ట్రానిక్సు సంఘమును నియమించిరి. అందు సభ్యులు విక్రం సారాభాయిగారు, సూరి భగవంతముగారు, సాంబశివరావుగారు. భగవంతముగారు నాటి కృష్ణా జిల్లాలోని ఆగిరిపల్లివారు. నలుగురిలో ఇద్దరు తెలుగువారగుట మాకు సంతోషము కలిగించుచున్నది. 1966 జనవరిలో భాభాగారు విమాన ప్రమాదమున మరణించిరి. సంఘపు నివేదిక ఆ సంవత్సరముననే వెలువడెను. పరికరములను మన దేశముననే చేసికొనవలెనన్నది దాని సారాంశము.

1967 ఏప్రిల్ 11వ తేదీన హైదరాబాదులో ఎలక్ట్రానిక్సు కార్పొరేషను, అనగా ఈ.సి.ఐ.ఎల్., స్థాపితమయ్యెను. ముంబయిలో పరికరములు చేయుచున్న విభాగమే దానికి విత్తనము. మన పెద్దలు తెలంగాణము నుండి పనికై ముంబయికి వచ్చిన త్రోవనే ఈ పని మాత్రము వెనుకకు నడచి ముంబయి నుండి తెలంగాణమునకు పోయినది! సాంబశివరావుగారు ఆ సంస్థకు మొదటి మేనేజింగు డైరెక్టరులైరి. రియాక్టరు నియంత్రణ పరికరములు, కిరణములను కొలుచు సాధనములు, ఓసిల్లోస్కోపులు, 1969లో టి.డి.సి.-12 అను కంప్యూటరు, తరువాత టెలివిజనులు అచ్చటినుండి వెలువడినవి. ఈ.సి. టీ.వీ. అను పేరు మా పాఠకుల తలిదండ్రులలో పలువురికి జ్ఞాపకముండియే యుండును.

ఆ కంప్యూటర్లు వెలలోను వేగములోను విదేశపు వాటితో పోటీ పడలేకపోయినవని విమర్శించినవారు కలరు. ఆ విమర్శలో నిజము లేకపోలేదు. కాని విదేశపు యంత్రమును కొనువాడు దానిని నడుపుట నేర్చుకొనును. స్వయముగా చేయువాడు అది యెట్లు చెడునో కూడ నేర్చుకొనును. సాంబశివరావుగారు ఎన్నుకొన్నది రెండవ మార్గము. అది ఖర్చుతో కూడినదైనను, నాటి పరిస్థితులలో వేరు దారి లేదని మా అభిప్రాయము.

గౌరవములను గూర్చి క్లుప్తముగా చెప్పుదుము. 1960లో పద్మశ్రీ, 1965లో శాంతిస్వరూప భట్నాగరు బహుమానము, 1972లో పద్మభూషణము వారికి లభించెను. 2003 అక్టోబరు 31వ తేదీన, ఎనుబది తొమ్మిదేండ్ల వయసున వారు కీర్తిశేషులైరి. హైదరాబాదులో ఆ కర్మాగారమునకు చేరువనున్న ఒక పెద్ద పేటను ఏ.ఎస్.రావు నగరమని పిలుచుచున్నారు. సెలవులకు తెలంగాణమునకు పోవు మన పిల్లలు సికింద్రాబాదు స్టేషనులో దిగినప్పుడు, బస్సుల నొసట ఆ పేరు వ్రాసియుండుటను చూడవచ్చును.