బొమ్మ సైనికుల సేనాపతి : హెచ్. జి. వెల్సు

ప్రతి సంవత్సరము మన పాఠశాల పత్రికకు రచనలు కోరినపుడు విద్యార్థులలో కొందరు వెనుకాడుదురు. ఇరుగుపొరుగువారు వేరొక భాష మాటలాడు ఈ ప్రాంతమున తెలుగులో నాలుగు పుటలు వ్రాసినచో చదువువారెవరని వారి సందేహము. ఆటల విషయమునను ఇట్టి సంకోచమే కలదు. పై తరగతికి వచ్చిన బాలుడు బొమ్మలను ముట్టినచో తోడివారు నవ్వుదురు. ఈ రెండింటికిని సమాధానముగా, విద్యార్థుల పత్రికలో కలము పట్టి, పెద్దతనమునను బొమ్మలను విడువని యొక మహారచయిత జీవితమును ఇచ్చట సంగ్రహముగా చెప్పదలచితిమి.

హెర్బర్ట్ జార్జి వెల్సు 1866 సెప్టెంబరు 21వ తేదీన ఇంగ్లండులోని కెంటు మండలమున బ్రామ్లీ పట్టణములో జన్మించెను. తండ్రి జోసెఫ్ పింగాణి పాత్రలును, క్రికెట్టు సామగ్రియు అమ్ము చిన్న అంగడి నడుపుచుండెను. బేరము అంతంతమాత్రమే యైనను ఆటలో ఆయన దిట్ట. 1862లో కెంటు జట్టు పక్షమున వరుసగా నాలుగు బంతులతో నలుగురిని పడగొట్టెను. వెల్సుకు ఏడేండ్ల ప్రాయమున, 1874లో, కాలు విరిగెను. మంచము పట్టిన కుమారునకు తండ్రి గ్రంథాలయమునుండి పుస్తకములు తెచ్చి యిచ్చెను. ఆ కొలది వారములలో అంటుకొన్న పఠనాసక్తి ఆయనను జీవితాంతము విడువలేదు.

1877లో తండ్రికిని కాలు విరిగి క్రికెట్టు రాబడి నిలిచిపోయెను. తల్లి సారా యొక సంపన్నుల భవనములో గృహనిర్వాహకురాలిగా కొలువున చేరెను. కుమారుని బట్టల దుకాణమున పని నేర్చుకొనుటకు పెట్టిరి. దినమునకు పదమూడు గంటల చాకిరి. రాత్రి తోడి పనివారితో ఒకే గదిలో నిద్ర. ఆ బ్రదుకు వెల్సుకు చెరసాలవలె తోచెను. తల్లిని బ్రతిమాలి, 1883లో దానిని వదలుకొని, మిడ్‌హర్‌స్టు పాఠశాలలో తాను చదువుకొనుచు చిన్న తరగతులకు పాఠములు చెప్పుటకు కుదిరెను. మరుసటి సంవత్సరమే విద్యార్థి వేతనము సంపాదించి లండనులోని విజ్ఞాన కళాశాలలో ప్రవేశించెను. అచ్చట జీవశాస్త్రమును బోధించిన గురువు ప్రసిద్ధుడైన థామస్ హక్స్‌లీ.

ఆ కళాశాలలో వెల్సు తోడి విద్యార్థులతో కలసి 1886లో ఒక పత్రికను నెలకొల్పెను. చర్చలు, వ్యాసములు, పత్రిక పనులు ఆయన మనస్సునంతను ఆక్రమించుకొనెను. దాని ఫలితముగా చదువు కుంటువడి, 1887లో పరీక్ష తప్పి, పట్టము లేకయే బయటకు రావలసివచ్చెను. ఈ లోపమును మేము దాచదలచుకొనలేదు. ఆ యేడే ఉపాధ్యాయుడుగా పనిచేయుచు ఫుట్‌బాలు ఆటలో తీవ్రముగా గాయపడి చిక్కిపోయెను. అట్టి దుస్థితిలో, 1888లో, ఆ విద్యార్థుల పత్రికయందే కాలములో ప్రయాణము చేయు నొకని కథ మూడు భాగములుగా ప్రకటించి, ముగింపకయే విడిచెను. కథ పక్వముగా లేదని ఆయనకే తెలిసెను. అయినను బీజమును పారవేయలేదు. 1890లో లండను విశ్వవిద్యాలయ పట్టమును సాధించెను. ఆ కథను మరల మరల తిరుగవ్రాసి 1895లో ‘కాలయంత్రము’ అను నవలగా ప్రపంచమునకిచ్చెను. ‘అదృశ్య మానవుడు’ 1897లోను, అంగారక గ్రహవాసుల దండయాత్రను వర్ణించు ‘లోకముల యుద్ధము’ 1898లోను వెలువడెను.

కీర్తి వచ్చిన పిమ్మట వెల్సు తన యిద్దరు కుమారులతో నేలపై కూర్చుండి ఆడసాగెను. ఆ ఆటలను 1911లో ‘నేల ఆటలు’ అను పుస్తకముగను, 1913లో ‘చిన్న యుద్ధములు’ అను పుస్తకముగను వ్రాసెను. మన యిండ్లలో బొమ్మల కొలువు తీర్చునట్లు ఆయన కొయ్య ఇటుకలతో ఇండ్లను, చెట్ల రెమ్మలతో అడవులను అమర్చి, సీసపు సైనికులను నిలుపును. అయితే ఈ కొలువు కదలును. ఒక వంతులో పదాతి ఒక అడుగు, ఆశ్వికుడు రెండు అడుగులు నడువవచ్చును. స్ప్రింగుతో పనిచేయు బొమ్మ ఫిరంగి చిన్న కొయ్యముక్కను విసరును. అది తగిలి పడిన సైనికుడు చచ్చినట్లే. వంతునకు గడియారము చూచి కాలపరిమితి విధింతురు. గడ్డము నెరసిన మిత్రులును మోకాళ్లపై ప్రాకుచు ఈ యుద్ధములు చేసిరి. ఆ పుస్తకపు పేరులోనే బాలికలను ఒక మెట్టు క్రింద నిలిపిన వాక్యమున్నది. అది ఆనాటి దోషము. మన బాలికలు దానిని లెక్కచేయ పనిలేదు.

పుస్తకాంతమున వెల్సు చెప్పినదే ముఖ్యము. నేలమీది యుద్ధములోనే ఇన్ని పొరపాట్లు, ఇంత గందరగోళము ఉండగా నిజమైన యుద్ధమెంత మూర్ఖమో ఆడి చూచినవానికి తెలియునని ఆయన వాదము. యుద్ధప్రియులను బొమ్మలిచ్చి గదిలో కూర్చుండబెట్టవలెనని ఆయన కోరిక. లోకము వినలేదు. మరుసటి సంవత్సరము, 1914లో, మొదటి ప్రపంచయుద్ధమారంభించెను. అప్పుడు వెల్సు తానే దానిని యుద్ధములనంతము చేయు యుద్ధమని సమర్థించి వ్రాసెను. ఆ ఆశయు వమ్మయ్యెను. 1933లో జర్మనీలో నాజీలు తగులబెట్టిన గ్రంథములలో ఆయనవియు కలవు. 1914 నాటి నవలలోనే పరమాణు బాంబును ఊహించిన వెల్సు, హిరోషిమా దగ్ధమైన మరుసటి యేట, 1946 ఆగస్టు 13న, లండనులో కన్నుమూసెను.

ఆయన ఆట మాత్రము చావలేదు. బొమ్మ సైనికులతో ఆడువారు దేశదేశములలో చిన్న పత్రికలు నడిపిరి. 1957లో అమెరికాలో జాక్ స్క్రూబీ అనునాయన ‘వార్ గేమ్ డైజెస్టు’ను ప్రారంభించెను. అట్టి పుటలలో నియమములను గూర్చి పాఠకులు వాదించుకొనిరి, సవరించుకొనిరి. ఆ బొమ్మల యుద్ధముల వంశముననే 1974లో గ్యారీ గైగాక్సు, డేవ్ ఆర్నెసనులు ‘డంజియన్స్ అండ్ డ్రాగన్స్’ అను ఆటను వెలువరించిరి. అందు ఒక్కొక్కరు సేనను గాక ఒకే వీరుని పాత్రను ధరింతురు. ఒకరు కథ నడుపగా, తక్కినవారు తమ వీరుడేమి చేయునో నోటితో చెప్పుదురు. సందేహమును పాచికలు తీర్చును. ఆ ఆటకై 1976లో పుట్టిన ‘డ్రాగన్’ పత్రిక అచ్చుప్రతి 2007 వరకు నడచెను. నేడు ఆ పాత సంచికలను భద్రపరచి చదువువారున్నారు. ‘చిన్న యుద్ధములు’ గ్రంథపు ఇటీవలి ముద్రణ యొకదానికి గైగాక్సే పీఠిక వ్రాసి తాత ఋణము తీర్చుకొనెను.

విద్యార్థులారా! అసంపూర్ణమైన యొక కథ విద్యార్థుల పత్రికలో అచ్చుకాకున్నచో ‘కాలయంత్రము’ పుట్టెడిదో లేదో మేము చెప్పజాలము. అచ్చయినందున పుట్టినదని మాత్రము చెప్పగలము. మన పత్రికలోని పుటలు కొన్నియే. అవి ఖాళీగా మిగిలినచో వాటిని నింపుటకు ఈ యూర మరియొక తెలుగు పత్రిక లేదు. మీ కథ ముగియకపోయినను సరే, తెచ్చి యిండు. తప్పులను మేము దిద్దెదము. తిరిగి వ్రాయుట మీ వంతు.